పేదకు గూడు, పొరుగువారి ఒప్పుదల: మౌంట్ లారెల్ అనుభవం

పేదలకు ఇళ్లు కట్టించడం మంచి పని అని అందరూ ఒప్పుకుంటారు. ఆ ఇళ్లు తమ వీధిలోనే కడతామంటే మాత్రం చాలామంది వెనకాడతారు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని మౌంట్ లారెల్‌లో జరిగింది ఇదే.

ఫిలడెల్ఫియా నగరానికి దగ్గరలో ఉన్న ఈ ఊరు ఒకప్పుడు పొలాల పల్లె. నల్లజాతి కుటుంబాలు తరతరాలుగా అక్కడ ఉంటున్నాయి. పెద్ద రహదారులు పడ్డాక కొత్త కాలనీలు వెలిశాయి, స్థలాల ధరలు పెరిగాయి. పెద్ద స్థలంలో ఒక్కో కుటుంబానికి ఒక్కో ఇల్లు అన్నట్టుగా ఊరి నిబంధనలు ఉండేవి. పాతకాపుల్లో కొందరు కోళ్ల షెడ్లను ఇళ్లుగా మార్చుకుని బతికారు. తమవారి కోసం 36 అపార్ట్‌మెంట్లు కట్టుకుంటామని అడిగితే అనుమతి రాలేదు. ఇక్కడ ఉండే స్తోమత లేనివారు ఊరు విడిచి వెళ్లాల్సిందేనని 1970లో చర్చిలో జరిగిన సమావేశంలో మేయరే చెప్పారు.

ఎథెల్ లారెన్స్ అనే మహిళ ముందు నిలవగా 1971లో దావా వేశారు. ఎదుగుతున్న ఊళ్లు తక్కువ ఆదాయం గలవారికి కూడా చోటు కల్పించాలని 1975లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 1983లో అదే మాట మరింత గట్టిగా చెప్పింది. అయినా 1994లో లారెన్స్ కన్నుమూసేనాటికి ఆమె కోరుకున్న ఇళ్లు లేవలేదు. ఆమె పేరుతో కట్టిన ఇళ్లలోకి 2000 దాటుతుండగా కుటుంబాలు చేరాయి. మొదట 100, తర్వాత 40 ఇళ్లు కట్టారు.

వీటికి డబ్బు సమకూర్చిన మార్గాల్లో టాక్స్ క్రెడిట్ ముఖ్యమైనది. 1986లో అమెరికా ప్రభుత్వం తెచ్చిన ఈ పద్ధతిలో సర్కారు తానుగా ఇళ్లు కట్టదు. స్థలం ధర కాక నిర్మాణానికి కోటి డాలర్లు అవుతుందనుకుందాం. పెద్ద రకం క్రెడిట్ దొరికితే ఏటా సుమారు 9 లక్షల డాలర్ల చొప్పున పదేళ్లపాటు పన్ను తగ్గుతుంది. కట్టే సంస్థకు అంత పన్ను ఉండదు కాబట్టి, ఆ హక్కును బ్యాంకులకు, కంపెనీలకు ఇచ్చి బదులుగా నిర్మాణానికి డబ్బు తెచ్చుకుంటుంది. అంతమేరకు అప్పు తగ్గుతుంది. అప్పు తగ్గితే వడ్డీ భారం తగ్గుతుంది, అద్దె కూడా తగ్గించవచ్చు. వడ్డీ బరువు ఎటువంటిదో మనకు వేరే చెప్పనక్కరలేదు.

దీనికి షరతులున్నాయి. నిర్ణీత ఆదాయం లోపు ఉన్నవారికే ఇల్లు ఇవ్వాలి. ఆ ఆదాయ పరిమితిలో 30 శాతానికి మించి అద్దె ఉండకూడదు. సాధారణంగా కనీసం 30 ఏళ్లు ఇలాగే నడపాలి. లోపమూ ఉంది. అద్దెను కట్టేది ఆ పరిమితిని బట్టి గాని, ఇంట్లో ఉన్నవారి అసలు సంపాదనను బట్టి కాదు. అందుకే నిరుపేదలకు ఇంకో సాయం తోడైతే తప్ప ఆ అద్దె కూడా బరువే.

ఈ ఇళ్లు వస్తే నేరాలు పెరుగుతాయని, తమ ఇళ్ల ధరలు పడిపోతాయని ఇరుగుపొరుగు భయపడ్డారు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డగ్లస్ మాసీ బృందం చుట్టుపక్కల ఊళ్లతో పోల్చి చూసింది. నేరాలు, ఇళ్ల ధరలు, పన్నులు ఏ లెక్కలో చూసినా ఆ ఇళ్ల వల్ల చెరుపు కనిపించలేదు. వాటిలో చేరిన కుటుంబాల ఉపాధి, ఆదాయం మెరుగయ్యాయి. పక్కనే అటువంటి ఇళ్లున్నాయని పొరుగున చాలామందికి తెలియనే లేదు.

పేరు వినగానే ఇల్లు అద్దెకు లేదనిపించుకున్న కుటుంబాలు మనలోనూ ఉన్నాయి. కాబట్టి మౌంట్ లారెల్ బాధ మనకు పరాయిది కాదు. అలాగే, మన వాడకు ఒక బీద కుటుంబం వస్తానంటే మనమేమంటామో కూడా ఆలోచించుకోవాలి. పొరుగువారి హక్కును ఇస్లాం ఎంతో గొప్పగా చెప్పింది. ఆ పొరుగువారు ఏ మతస్థులైనా సరే.

రేపు మన సంస్థ గాని, మరే సంస్థ గాని ఇళ్ల పని తలపెడితే మూడు సంగతులు ముందే తేల్చుకోవాలి: ఖర్చు ఎక్కడి నుంచి వస్తుంది, అద్దె ఎన్నేళ్లు అదుపులో ఉంటుంది, ఇరుగుపొరుగును ఎవరు ఒప్పిస్తారు. మౌంట్ లారెల్‌లో దాదాపు 30 ఏళ్లు తినేసింది ఆ మూడోదే. అల్లాహ్ మన చేతుల మీదుగా ఇటువంటి మేలు జరిపించుగాక.