సైబరాబాదు నేలపై ప్రజాసమ్మతి: అపోహలు – వాస్తవములు

మాదాపూరు మొదలుకొని గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల వరకు వ్యాపించిన ఐటీ సౌధములలో పనిచేయు విద్యావంతులలో సైతము, పదునెనిమిదవ శతాబ్దపు ఐరోపా జ్ఞానోదయ తత్త్వమును గూర్చియు, మన ప్రజాప్రభుత్వ స్థాపనలో ఆ తత్త్వమునకు గల పాత్రను గూర్చియు కొన్ని అపోహలు గాఢముగ నాటుకొనియున్నవి. మన రాజ్యాంగములోని ఏ అంశము ఏ దేశమునుండి గ్రహింపబడెనో పట్టికగ వల్లించి పరీక్షలు వ్రాసినవారికి, ఆ పట్టికయే చరిత్రయని తోచుటలో వింత లేదు. కాని ఆ పట్టికలో ఈ నేల ఎచ్చటను కనబడదు. ఈ నేలమీద బ్రతికిన రైతు, వెట్టివాడు, స్త్రీ కనబడరు. నా కష్టమంతయు అందులకే.

అపోహ: మన రాజ్యాంగము పాశ్చాత్య గ్రంథములకు నకలు

రాజ్యాధికారము పాలితుల సమ్మతిపై నిలుచునని జాన్ లాక్ 1689లోను, అధికారమంతయు ఒక్కచేత నుండరాదని మాంటెస్క్యూ 1748లోను, సార్వభౌమత్వము ప్రజలదేయని రూసో 1762లోను ప్రతిపాదించిరి. ఈ భావములే అమెరికా స్వాతంత్ర్య ప్రకటనమునకును, 1789 నాటి ఫ్రెంచి మానవహక్కుల ప్రకటనమునకును ప్రాణము పోసినవి. మన రాజ్యాంగ ప్రవేశికలో ఆ భావముల జాడ లేదనుట అసత్యమగును. అన్యదేశముల అనుభవమును గ్రహించుట సిగ్గుపడవలసిన పనికాదని 1948 నవంబరు 4న డాక్టర్ అంబేద్కరు రాజ్యాంగ సభలోనే చెప్పెను. 1935 భారత ప్రభుత్వ చట్టమునుండి అధికభాగము తీసికొన్నామనియు దాచలేదు. అయినను స్వేచ్ఛ, సమానత్వము, సౌభ్రాతృత్వములను తాను ఫ్రెంచి విప్లవమునుండి గాక బుద్ధుని బోధలనుండి పొందితినని 1954లో ఆకాశవాణి ప్రసంగమున ఆయన స్పష్టపరచెను.

నకలు అనువారు విస్మరించు విషయము మరియొకటి కలదు. ఆ తత్త్వవేత్తల వాక్యములు విశాలములు. వాని ననుసరించి నిర్మింపబడిన రాజ్యముల ద్వారములు మాత్రము ఇరుకైనవి. లాకునకు ఆస్తిరక్షణమే ప్రభుత్వముయొక్క ప్రధాన ప్రయోజనము. బానిసలపై యజమానులకు సర్వాధికారమిచ్చిన కరొలైనా శాసనముల రచనలో ఆయన హస్తమును గలదు. ఫ్రాన్సున 1791 రాజ్యాంగము మూడు దినముల కూలికి సమమైన పన్ను చెల్లింపగలిగిన పురుషునకే ఓటు నిచ్చినది. అచ్చటి స్త్రీలు 1944 వరకును, స్విట్జర్లాండు స్త్రీలు జాతీయ ఎన్నికలలో 1971 వరకును వేచియుండవలసివచ్చెను. మనదేశమునందును 1935 చట్టము క్రింద ఆస్తియో, పన్నో, చదువో ఉన్నవారికే ఓటు. జనాభాలో బహు స్వల్పభాగమునకే అది దక్కెను.

ఈ కట్టుబాటును రాజ్యాంగ సభ ఒక్కసారిగ త్రెంచివైచినది. నెల్లూరు జిల్లానుండి వచ్చి ముసాయిదా సంఘమున సభ్యుడైన అల్లాడి కృష్ణస్వామి అయ్యరు, స్వభావముచేత సాహసి కాక న్యాయశాస్త్ర కోవిదుడై యుండియు, సామాన్యునిపై గల నిండు విశ్వాసముతోనే ఈ సభ వయోజన ఓటు నంగీకరించినదని 1949 నవంబరులో సమర్థించెను. రాజమహేంద్రవరమున పుట్టిన దుర్గాబాయి ఆ సభలో సభ్యురాలై స్త్రీల ఆస్తిహక్కునకై వాదించెను. అక్షరము రాని కోట్లాది ప్రజలకు మొదటి ఎన్నికలోనే పూర్ణమైన ఓటు నిచ్చుట ఏ పాశ్చాత్య గ్రంథములోను వ్రాసిపెట్టిన పాఠము కాదు.

అపోహ: హైదరాబాదునకు ప్రజాస్వామ్యము 1948 సెప్టెంబరు 17న వచ్చెను

ఆనాడు నిజాము సైన్యము లొంగిపోయినది. ప్రజాప్రభుత్వము మాత్రము ఏర్పడలేదు. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి సైనిక గవర్నరుగ పాలించెను. తరువాత ఐసీఎస్ అధికారి వెల్లోడి ముఖ్యమంత్రిగ నియుక్తుడయ్యెను. వీరిరువురిని ప్రజలు ఎన్నుకొనలేదు.

ఇంతకంటె గమనింపదగిన సంగతి యొకటి గలదు. భారత రాజ్యాంగ సభలో హైదరాబాదు సంస్థాన ప్రతినిధి యొక్కడును కూర్చుండలేదు. ఆ సభ తుదిరూపమిచ్చిన రాజ్యాంగమును ఈ సంస్థానమునకు వర్తింపజేయుచు 1949 నవంబరులో నిజాము ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానా జారీచేసెను. ప్రజలమగు మేము అని మొదలగు శాసనము ఇచ్చటి ప్రజలకు ఒక ప్రభువు ఆజ్ఞాపత్రముచేత వర్తించినదన్నమాట. రూసో సిద్ధాంతమును అక్షరశః పట్టుకొన్నవారు దీనిని ప్రజాసమ్మతి యనుటకు వెనుకాడుదురు, వెనుకాడుట న్యాయమే. సమ్మతి మాట ఇచ్చట అంతకు పూర్వము వేఱు మార్గములలో వినబడుచుండెను. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లోను, విజ్ఞానచంద్రికా మండలి 1906లోను ఈ నగరముననే పుట్టినవి. సురవరము ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రికను స్థాపించెను. ఆయన అధ్యక్షతననే 1930లో జోగిపేటయందు ఆంధ్ర మహాసభ తొలి సమావేశము జరిగెను. సభ పెట్టుకొనవలెనన్న సర్కారువారి అనుమతి కావలెనని శాసించిన యాబదిమూడవ గస్తీ, అనగా సర్కారు ఉత్తర్వు, నీడలో ఆ మహాసభ సాగినది. వాక్స్వాతంత్ర్యమును గూర్చి ఐరోపా పండితులు వ్రాసిన గ్రంథములను చదువని పల్లెవాడు సైతము ఆ గస్తీవలన దాని విలువ నెఱిగెను. 1939లో నిజాము ప్రభుత్వము ప్రకటించిన సంస్కరణలు వృత్తులవారీ ప్రాతినిధ్యమును చూపి, ప్రభువు సార్వభౌమత్వమును చెక్కుచెదరనీయక నిలుపుకొన్నవి. అవి ప్రజలను తృప్తిపరచకపోవుటకు కారణమదియే.

నగరము చుట్టునున్న అత్రాఫె బల్దా జిల్లా ఆనాడు సర్ఫెఖాస్, అనగా నిజాము స్వంతము. జాగీరులు, పాయెగాలు అను ప్రభువర్గపు ఎస్టేట్లు వేఱు. 1949లో సర్ఫెఖాస్ దివానీలో, అనగా సర్కారు భూములలో, కలిసినది. అదే సంవత్సరము ఆగస్టులో జాగీర్ల రద్దు శాసనము వెలువడెను. నేడు గాజు మేడలు నిలిచిన రాయదుర్గపు భూముల రెవెన్యూ పత్రములలో పన్మక్తా, నవ్‌ఖాల్సా అను గ్రామనామములు ఇప్పటికిని నడచుచున్నవి. భూమి ప్రభువుల చేతులనుండి జారిన తరువాతనే ఇచ్చటి సమ్మతికి అర్థమేర్పడెను. 1952లో తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగినవి. నూటడెబ్బదియైదు స్థానముల శాసనసభలో కాంగ్రెసు 93 గెలువగా, కమ్యూనిస్టు పార్టీపై నిషేధమున్నందున ప్రజాతంత్ర కూటమి పేరిట నిలిచినవారు 42 గెలిచిరి. బూర్గుల రామకృష్ణారావు 1952 మార్చి 6న ముఖ్యమంత్రి యయ్యెను. ఆలేరునుండి ఆరుట్ల కమలాదేవి, శాలిబండనుండి మాసూమా బేగం ఎన్నికైరి. లోక్‌సభకు నిలిచిన రావి నారాయణరెడ్డికి నల్లగొండ ఓటర్లు దేశముననే అత్యధిక ఓట్లు వేసిరి. హైదరాబాదునకు ప్రజాస్వామ్యము వచ్చిన దినము నడిగినచో, ఆ పెట్టెలలో ఓటు పడిన దినములను చూపుట నాకు సబబుగ తోచును.

అపోహ: హక్కులు సర్కారుమీదనే, కంపెనీ గేటు దాటినచో రాజ్యాంగము చెల్లదు

ఇందు సగము నిజము గలదు. లాక్, మాంటెస్క్యూల భయమంతయు రాజునుగూర్చి. ప్రాథమిక హక్కులలో అధికభాగము రాజ్యమును కట్టడిచేయునవే. కాని సంఘము సైతము పీడింపగలదని కుల బాధ ననుభవించిన అంబేద్కరు వంటివారికి తెలియును. కావుననే పదునేడవ అధికరణము అస్పృశ్యతను ఎవ్వరు పాటించినను నేరమన్నది. పదునైదవది దుకాణములు, హోటళ్లు, బావులు, దారులలో వివక్షను నిషేధించినది. ఇరువదిమూడవది వెట్టిని నిషేధించినది. ఇవి వ్యక్తులను, కంపెనీలను సైతము బంధించును. దేశ్‌ముఖుల గడీలలో వెట్టిచాకిరి చేసిన తెలంగాణమునకు ఈ మూడవదాని విలువ పుస్తకముచేత తెలియవలసిన పని లేదు. కనీసవేతనముకంటె తక్కువకు పనిచేయించుట సైతము వెట్టియేయని 1982లో ఏషియాడ్ నిర్మాణ కార్మికుల వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పుచెప్పినది. నేడు ఇచ్చటి ఆర్థిక మండలపు సౌధములకు ఇనుము కట్టుచు, సెంట్రింగు చేయుచు రేకుల షెడ్లలో నివసించు వలస కూలీకి ఆ తీర్పు వర్తించును.

ప్రత్యేక ఆర్థిక మండలము విదేశీ భూభాగమను మాటయు అట్టి సగము నిజమే. 2005 చట్టము దానిని కస్టమ్స్ పరిధికి వెలుపలిదిగ భావించుట అనుమతి పొందిన కార్యకలాపముల నిమిత్తము మాత్రమే. కార్మికసంఘములు, కార్మిక సంక్షేమము, భవిష్యనిధి, ప్రసూతి సౌకర్యములకు సంబంధించిన చట్టములనుండి మండలములకు మినహాయింపు ఇయ్యరాదని ఆ చట్టమే నలువదితొమ్మిదవ సెక్షనులో చెప్పుచున్నది.

అపోహ: సొంత ఇల్లు లేనివారికి ఇచ్చట ఓటు రాదు

కొండాపూరు, మాదాపూరులలో అద్దె ఇండ్లలోను, హాస్టళ్లలోను సంవత్సరములుగ నివసించుచున్నవారు, ఇల్లు ఊరిలో ఉన్నందున ఓటును అచ్చటనే యుండవలెనని నమ్ముదురు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టము ఇందుకు విరుద్ధముగ పలుకుచున్నది. ఒక చోట ఇల్లుండుట, దానిని స్వాధీనములో నుంచుకొనుట మాత్రముచేత ఎవ్వడును అచ్చటి సామాన్య నివాసి కాడని ఇరువదవ సెక్షను స్పష్టపరచినది. నివసించుటయే ప్రమాణము. మూడు శతాబ్దములక్రితము లాకు ఆస్తికిని రాజ్యమునకును వేసిన ముడిని ఈ చిన్న సెక్షను విప్పినది. ఐరోపావారికి తమ తత్త్వమును ఆచరించుటకు ఎన్నో తరములు పట్టిన పనిని మన చట్టము తొలి ఎన్నికకు ముందే నెరవేర్చినది. శేరిలింగంపల్లి నియోజకవర్గములోనికి నివాసము మార్చుకొన్నవారు ఎనిమిదవ నమూనా దరఖాస్తును, క్రొత్తగ పేరు చేర్చుకొనువారు ఆరవ నమూనా దరఖాస్తును సమర్పింపవచ్చును. రిజిస్టరు చేసిన అద్దె ఒప్పందమును నివాస ధ్రువీకరణముగ అధికారులు స్వీకరింతురు. ఒకనికి రెండు చోట్ల ఓటుండరాదు గనుక పాత ఊరిలోని పేరును తొలగింతురు.