కీళ్ల బిగువు – చేతివైద్యము



మెదకు పట్టణమున నలుబది యేండ్లు నల్లబల్లపై వ్రాసి వ్రాసి నా కుడిభుజము బిగిసిపోయినది. ఒక పహిల్వాను పటుక్కుమనునట్లు లాగెను. మూడు రాత్రులు నాకు నిద్ర లేదు.

నొప్పికి చేతులతోనే చేయు చికిత్స యొకటి కలదు. దానిని ఆస్టియోపతి యందురు. 1874లో అమెరికా వైద్యుడు ఆండ్రూ టేలర్ స్టిల్ దానిని వెల్లడించి, 1892లో కిర్క్స్‌విల్‌నందు పాఠశాల నెలకొల్పెను. వ్రేళ్లతో కండరములను తడవి, బిగిసిన చోటును మెల్లగా సాగదీసి, కీలును కదల్చుటయే దాని పద్ధతి. నడుమునొప్పికి కొంత యుపశమనము కలుగును. ఎముకల యమరిక చెడుటవలననే రోగములు పుట్టునన్న స్టిల్ వాదము మాత్రము నిలువలేదు. మన యభ్యంగమర్దనములు దీనికి దూరపు చుట్టములు. పుత్తూరు కట్టు వేరు, అది విరిగిన యెముకకు.

ఎముకలు గుల్లబారిన వృద్ధులు మెడను విదలించి త్రిప్పనీయరాదు. నడుమునొప్పితో కాళ్లు పట్టు తప్పినను, మూత్రము బిగిసినను మర్దనము మాని తక్షణమే యాసుపత్రి కేగవలయును.

నా భుజమును పిదప నెమ్మదిగా కదల్చిన చేతులే బాగుచేసినవి. తలపాగా నిప్పుడు నేనే చుట్టుకొనుచున్నాను.