సిరోంచ పళ్ళెంలో రెండు ఒడ్ల తీపి

సిరోంచ ఉన్నది మహారాష్ట్రలో. జిల్లా కేంద్రం గడ్చిరోలికి వెళ్ళాలంటే రెండు వందల కిలోమీటర్ల పైమాటే. నది మీది వంతెన దాటితే మాత్రం ఎదురుగా తెలంగాణలోని కాళేశ్వరం. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు, అడవి పల్లెల్లో గోండీ, మాడియా. అందుకని ఆడవాళ్ళు తలా ఒక తీపి చేసుకొచ్చి నలుగురిలో పంచుకునే పండగలు ఈ ఊరికి రెండు వైపుల నుంచీ వచ్చాయి. బతుకమ్మ పంపకం తెలంగాణ ఒడ్డుది, సంక్రాంతి పంపకం మరాఠీ ఒడ్డుది. అమెరికాలో పాట్‌లక్ అని చేసుకునేది ఇంచుమించు ఇదే. ఆ డబ్బాల మూతలు తీస్తే కనిపించే విశేషాలు కొన్ని.

★

తొమ్మిది రోజుల బతుకమ్మలో నైవేద్యం ఎనిమిది రోజులకే. ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆవేళ ఏమీ పెట్టరు. మిగతా రోజుల్లో ఒకనాడు అటుకులు, ఒకనాడు ముద్దపప్పు, ఒకనాడు నానబియ్యం, ఒకనాడు అట్లు. ఏడో రోజు బియ్యప్పిండిని వేపకాయల్లా చేసి నూనెలో వేయిస్తారు. ఎనిమిదో రోజు నువ్వులు, బెల్లం, వెన్న కలిపిన ముద్దలు.

అసలు పంపకం తొమ్మిదో రోజు, సద్దుల బతుకమ్మ నాడు. పెరుగన్నం, పులిహోర సంగతి అలా ఉంచితే పిల్లల కళ్ళన్నీ మలీద మీదే. గోధుమ రొట్టెలు కాల్చి, వేడి మీదే తుంచి, బెల్లం తురుము, నెయ్యి వేసి చేత్తో బాగా పిసికి ముద్దలు కడతారు. రొట్టె పచ్చిగా ఉంటే మలీద పిండిపిండిగా అంటుకుంటుంది, మరీ ఎక్కువ కాలితే ముద్ద నిలవదు. దాని పక్కన పల్లీలు, నువ్వులు, మక్కలు వేటికవి వేయించి, దంచి, చక్కెరో బెల్లమో కలిపిన సత్తుపిండ్లు. బతుకమ్మను నీళ్ళలో వదిలాక ఒడ్డునే కూచుని "ఇస్తినమ్మ వాయనం", "పుచ్చుకుంటినమ్మ వాయనం" అనుకుంటూ ఒకరికొకరు పెట్టుకుంటారు. ఎవరి పొడిలో ఉప్పు పడిందో, ఎవరు నెయ్యి దగ్గర పిసినారితనం చూపించారో తేలేది కూడా అక్కడే.

★

ఆ రోజుల్లోనే సిరోంచ ఉన్న విదర్భలో మరాఠీ ఆడపిల్లలు భులాబాయి ఆడతారు. భాద్రపద పున్నమి నుంచి కోజాగరి పున్నమి దాకా సాయంత్రాలు పాటలు పాడతారు. పాటలయ్యాక పంచే తినుబండారాన్ని ఖిరాపత్ అంటారు. దాన్ని ఊరికే పెట్టరు. మూత పెట్టిన డబ్బా తెచ్చి, లోపల ఏముందో చెప్పమంటారు. పిల్లలు డబ్బా ఊపిన చప్పుడు విని కారమా తీపా, లడ్డా పట్టీయా అని ఊహించాలి. ఊహకందని వంటకం తెచ్చిన ఇంటిదే గెలుపు. మన బతుకమ్మ ఒడ్డుకు ఈ ఒక్క ఆట తెచ్చుకున్నా తప్పులేదనిపిస్తుంది.

★

సంక్రాంతికి మహారాష్ట్ర ఇళ్ళలో తప్పనిసరి తిళ్‌గుళ్. చేతిలో పెడుతూ "తిళ్‌గుళ్ ఘ్యా, గోడ్ గోడ్ బోలా" అంటారు. నువ్వులు, బెల్లం తీసుకుని తియ్యగా మాట్లాడమని. పాత తగాదాలు ఉన్నవాళ్ళు కూడా ఆ మాట అని తీరాల్సిందే.

ఉండలు కట్టేవాళ్ళు కొందరు, పళ్ళెంలో పోసి ముక్కలు కోసేవాళ్ళు కొందరు. ఆ ముక్కలే తిళాచీ వడి. మన పల్లీపట్టీ, నువ్వులపట్టీ దీనికి అక్కాచెల్లెళ్ళే. నలుగురికి పంచడానికి ఇంతకంటే అనువైన తీపి లేదు: గరిటె అక్కర్లేదు, గిన్నె అక్కర్లేదు, అందరికీ ఒకే సైజు ముక్క, పది రోజులైనా పాడవదు.

చేయడంలో కిటుకంతా రెండు చోట్ల ఉంది. మొదటిది నువ్వులు. వాటిలో ఇంచుమించు సగం నూనే కాబట్టి వేయించేటప్పుడు చూస్తుండగానే మాడిపోతాయి. చిటపటలు మొదలై, దోరగా వాసన రాగానే దించెయ్యాలి. మాడిన నువ్వుల చేదును ఎంత బెల్లం వేసినా కప్పలేం. రెండోది పాకం. ఒక్క చుక్క చన్నీళ్ళ గిన్నెలో వేసి చూడాలి. వేళ్ళ మధ్య మెత్తని ఉండయితే వడి నమిలేటట్టు వస్తుంది. పళ్ళేనికి కొడితే టంగుమని మోగేటట్టు గట్టిపడితే పట్టీ పటుక్కున విరుగుతుంది. వంటింట్లో థర్మామీటర్ పెట్టుకునేవాళ్ళ లెక్కలో మొదటిది సుమారు 115 డిగ్రీల సెల్సియస్, రెండోది 150కి అటూ ఇటూ. మధ్యలో దించితే పళ్ళకు అతుక్కునే రకం తయారవుతుంది. దించే ముందు చిటికెడు వంటసోడా వేస్తే పాకంలో సన్నటి బుడగలు లేచి పట్టీ గుల్లగా వస్తుంది. నెయ్యి రాసిన పళ్ళెంలో పోసి, నెయ్యి రాసిన గిన్నె అడుగుతో ఒత్తి, వేడి మీదే కత్తితో గాట్లు పెట్టాలి.

★

మహారాష్ట్రలో సంక్రాంతి పంపకం ఒక్కరోజుతో అయిపోదు. రథసప్తమి దాకా హల్దీ కుంకుం పిలుపులు సాగుతూనే ఉంటాయి. వెళ్ళినవాళ్ళకు పసుపు, కుంకుమ, తిళ్‌గుళ్, దాంతోపాటు ఇంట్లోకి పనికొచ్చే చిన్న వస్తువేదైనా ఇస్తారు. నది అవతల తెలంగాణలో సంక్రాంతి నోములు పట్టినవాళ్ళూ ఇదే చేస్తారు, ఒక్కో వస్తువూ పదమూడు తెచ్చి ముత్తైదువలకు పంచుతారు. ఏటా సంక్రాంతి తర్వాత ఇళ్ళలో స్టీలు గిన్నెలు ఎందుకు పెరుగుతాయో వేరే చెప్పక్కర్లేదు.

★

పండగ పూట నల్లబట్ట కట్టుకుంటే మన పెద్దవాళ్ళు గుమ్మంలోనే ఆపేస్తారు. మరాఠీవాళ్ళు సంక్రాంతికి కోరి నల్లచీర కడతారు. పెళ్ళయ్యాక తొలి సంక్రాంతికి కోడలికి నల్లచీర పెట్టి, నువ్వులకు చక్కెర పాకం పట్టించిన తెల్లటి హల్వా గింజలతో గుచ్చిన నగలు వేస్తారు. తినే తీపినే హారంగా, గాజులుగా వేసుకోవడం అన్నమాట. పసిపిల్లలకు బోర్‌న్హాణ్ అని రేగుపళ్ళు, మరమరాలు నెత్తిన పోస్తారు. మన భోగిపళ్ళే!

★

అడవి వైపు తీపి అంగడి నుంచి రాదు, చెట్టు నుంచి రాలుతుంది. ఇప్పచెట్టు పూలు రాత్రి విచ్చి తెల్లవారుజామున రాలిపోతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో పొద్దు పొడవకముందే గంపలతో వెళ్ళి ఏరుకుంటారు. ఎండిన పువ్వులో సగానికి పైగా చక్కెరే, అందుకే సారా కాచేవాళ్ళ కన్ను ముందు దానిమీద పడింది. కానీ వేయించి, పల్లీలు, నువ్వులతో కలిపి దంచి లడ్డు కడితే విడిగా బెల్లం పెద్దగా అక్కర్లేని తీపి అవుతుంది. తెలంగాణ వైపు ఉట్నూరులో ఆదివాసీ మహిళల సహకార సంఘం ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతోంది.

★

పళ్ళెంలో పోసి ముక్కలు కోసే తీపికి ప్రపంచంలో అభిమానులు తక్కువేం కాదు. అమెరికా మిడ్‌వెస్ట్ చర్చిల్లో సామూహిక భోజనాలకు తలా ఒక ట్రే 'బార్స్' పట్టుకెళ్ళడం మామూలు. మరమరాల్లాంటి రైస్ క్రిస్పీస్‌ను మార్ష్‌మాలోతో కలిపి అచ్చుపోసే ముక్కలు 1939లో కెలాగ్ కంపెనీ వంటగదిలో పుట్టాయి. మరమరాలకు బెల్లం పాకం పట్టించడం మనకు కొత్తేమీ కాదు. కెనడాలో నానైమో అనే ఊరి పేరుతో మూడు పొరల బార్ ఉంది. 2019లో దాని బొమ్మతో తపాలా బిళ్ళ వేస్తే, నడిమి పొర మరీ మందంగా గీశారని జనం గోల పెట్టారు. సత్తుపిండిలో చక్కెర ఎక్కువైందని పోట్లాడుకునే మనకు ఆ బాధ అర్థమవుతుంది.

★

ఆ చర్చి భోజనాల్లో ఎవరి ట్రే ఎవరిదో తెలియడానికి అడుగున టేపు అంటించి పేరు రాస్తారు. మనవాళ్ళు అంతకంటే గట్టి ఏర్పాటే చేసుకున్నారు. స్టీలు సామాను కొన్న కొట్లోనే పేరు చెక్కించుకుంటారు. గిన్నె ఏ ఇల్లు చేరినా, ఎన్నేళ్ళు తోమినా పేరు చెరగదు. ఇక ఆ గిన్నెను ఖాళీగా తిరిగి పంపకూడదన్నది రెండు ఒడ్లకూ తెలిసిన మర్యాద. ఏమీ లేకపోతే గుప్పెడు చక్కెరైనా వేసి పంపుతారు.

కాబట్టి ఒక చిన్న మనవి. మీ అలమరలో వేరేవాళ్ళ పేరున్న గిన్నె ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే రాబోయే పండగకు రెండు పట్టీ ముక్కలు వేసి ఇచ్చిరండి.