మీకు తెలుసా? ఎల్‌ఈడీకీ వేడి చేస్తుంది!

అమెరికాలో కారు వెనక తగిలించుకుని విహారానికి తీసుకెళ్లే ట్రైలర్లలో ఇప్పుడు ఎక్కడ చూసినా ఎల్‌ఈడీ దీపాలే. ఏళ్ల తరబడి వెలగాల్సిన ఆ దీపం కొన్నాళ్లకే మసకబారితే సరుకు నాసిరకమని తీసి పారేస్తాం. కొత్తదీ అలాగే పోతుంది. చాలాసార్లు అసలు కారణం వేడి. అది ఎక్కడ పుడుతుందో, ఎటు పోవాలో తెలిస్తే ఆపడం కష్టం కాదు.

వేడి వెనక్కి పోతుంది
పాత ఫిలమెంటు బల్బు వేడిలో చాలా భాగం పరారుణ కిరణాలుగా వెలుగుతో పాటే బయటికి వచ్చేస్తుంది. ఎల్‌ఈడీ వెలుగులో ఆ వేడి దాదాపు ఉండదు. అలాగని వేడే పుట్టదనుకోకండి. తీసుకున్న విద్యుత్తులో సుమారు సగం, చవక రకాల్లో అంతకన్నా ఎక్కువే, చిప్‌లో వేడిగా మారుతుంది. అది చిప్ అడుగు నుంచి వెనక పలక గుండానే పోవాలి. అక్కడ దారి లేకపోతే లోపలే పేరుకుంటుంది.

12 వోల్టులంటే 12 కాదు
ట్రైలర్ దీపాలను 12 వోల్టులవి అంటాం. కానీ నిండా చార్జ్ అయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడే 12.6 వోల్టులు చూపిస్తుంది. క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటుకు తగిలిస్తే, దాన్ని బ్యాటరీకి తగ్గట్టు మార్చే కన్వర్టర్ 13.6 దాకా ఇస్తుంది. సోలార్ ప్యానెళ్లు బ్యాటరీని జోరుగా నింపే వేళ 14.4కు చేరుతుంది. బ్యాటరీ సెల్స్‌ను సమం చేసే ఈక్వలైజేషన్ దశలో 15 కూడా దాటవచ్చు.

ఆ కాస్త తేడాతోనే చిక్కు
చవక ఎల్‌ఈడీ స్ట్రిప్‌లో సాధారణంగా 3 ఎల్‌ఈడీలు, ఒక రెసిస్టర్ వరసగా ఉంటాయి. మూడు ఎల్‌ఈడీలూ కలిసి సుమారు 9.3 వోల్టులు తీసుకుంటాయనుకుందాం. 12 వోల్టుల దగ్గర రెసిస్టర్‌కు మిగిలేది 2.7. 14.4 దగ్గర 5.1. వోల్టేజీ పెరిగింది 20 శాతమే అయినా, కరెంటు దాదాపు రెట్టింపవుతుంది. రెసిస్టర్‌లో పుట్టే వేడి సుమారు మూడున్నర రెట్లవుతుంది.

వేడి వేడిని పెంచుతుంది
ఎల్‌ఈడీ వేడెక్కేకొద్దీ దానికి కావాల్సిన వోల్టేజీ కొద్దికొద్దిగా తగ్గుతుంది. సరఫరా మాత్రం అంతే ఉంటుంది కాబట్టి కరెంటు ఇంకొంచెం పెరుగుతుంది. దాంతో వేడి కూడా పెరుగుతుంది.

ఫ్యూజ్ కాపాడదు
ఫ్యూజ్ పని తీగలు కాలిపోకుండా చూడటం. పావు ఆంపియర్ తీసుకోవాల్సిన దీపం అర ఆంపియర్ తీసుకుంటే, 15 ఆంపియర్ల ఫ్యూజ్‌కు ఆ తేడా అంటదు. దీపాన్ని కాపాడేది కరెంటును ఒకే స్థాయిలో నిలిపే డ్రైవర్. అందుకే బల్బు కొనేటప్పుడు ఉత్త ‘12 వోల్టులు’ అని కాకుండా ‘10 నుంచి 30 వోల్టులు’ అన్నట్టు విస్తృత పరిధి రాసి ఉన్నదాన్ని ఎంచుకోండి. స్ట్రిప్ వాడుతుంటే దానికి ముందు 12 వోల్టుల దగ్గర స్థిరంగా నిలిపే రెగ్యులేటర్ పెట్టండి.

చెక్క కన్నా అల్యూమినియం మేలు
ట్రైలర్ పైకప్పులో పల్చటి ప్లైవుడ్, దాని వెనక ఇన్సులేషన్ ఉంటాయి. ఇన్సులేషన్ వేడిని కదలనివ్వదు. స్ట్రిప్‌ను నేరుగా చెక్కకు అతికించకుండా ముందు అల్యూమినియం చానల్ బిగించి, అందులో అతికించండి. గుండ్రటి సీలింగ్ లైట్లయితే వెనక లోహపు పలక ఉన్నవి తీసుకోండి. దీపం వెనక ఉన్న ఖాళీలో దూదో ఫోమో కుక్కకండి.

ఎండ కూడా లెక్కలోకి వస్తుంది
అరిజోనాలోని ఫీనిక్స్‌లో 2023లో వరసగా 31 రోజులు 43 డిగ్రీల సెల్సియస్‌కు పైనే ఎండ కాసింది. అలాంటి చోట మూసి ఉంచిన ట్రైలర్ పైకప్పు ఇంకా వేడెక్కుతుంది. చిప్ తన చుట్టూ ఉన్న గాలి కన్నా 40 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుందనుకుంటే, 25 డిగ్రీల గదిలో అది 65. అదే 50 డిగ్రీల పైకప్పు కింద 90. అందుకే లోపలికి వెళ్లగానే ముందు పైకప్పు గాలిమార్గం తెరిచి, ఫ్యాన్ వేసి, ఆ తర్వాత దీపాలు వెలిగించండి.

ఆయుష్షు అంటే ఆరిపోయే దాకా కాదు
ఎల్‌ఈడీ సాధారణంగా టప్పున ఆరిపోదు, మెల్లగా మసకబారుతుంది. అందుకే వెలుగు మొదట్లో ఉన్నదానిలో 70 శాతానికి పడిపోయే దాకా పట్టే కాలాన్నే దాని ఆయుష్షుగా పరిశ్రమ లెక్కిస్తుంది. వేడి ఆ కాలాన్ని కుదిస్తుంది.

మన లారీలకూ ఇదే సూత్రం
ఆంధ్ర, తెలంగాణ రోడ్ల మీద తిరిగే లారీల్లో సాధారణంగా 24 వోల్టుల వ్యవస్థ ఉంటుంది. ఇంజను నడుస్తుంటే అది 28 దాకా వెళ్తుంది. క్యాబిన్‌కు, బాడీకి రంగురంగుల ఎల్‌ఈడీలు పెట్టించేవాళ్లు 28కీ తట్టుకునేవే అడిగి తీసుకోవాలి.

మీరే పరీక్షించండి
బ్యాటరీ చార్జ్ అవుతున్నప్పుడు దీపం దగ్గర మల్టీమీటర్ పెట్టి వోల్టేజీ చూడండి. గంటసేపు వెలిగించి, స్విచ్ ఆపి, దీపం వెనక భాగాన్ని జాగ్రత్తగా తాకండి. వేలు ఆనించలేనంత వేడిగా ఉన్నా, పైనున్న ప్లాస్టిక్ పసుపుపచ్చగా మారినా, వేడెక్కాక ఆరిపోయి చల్లారాక మళ్లీ వెలుగుతున్నా, కొత్త బల్బు కొనే ముందు వోల్టేజీని, వేడి పోయే దారిని సరిచేయండి. అప్పుడే కొత్త బల్బు పెట్టిన డబ్బుకు తగినంత కాలం వెలుగుతుంది.