భాషావర్గనామము ద్వేషవాచకమైన విధము

యూదద్వేషమునకు ఐరోపా భాషలలో నేడు వ్యవహారమందున్న పేరు ‘యాంటీసెమిటిజము’. ఈ పదమున యూదుల పేరు లేదు. ఉన్నది ఒక భాషావర్గము పేరు. మన శాస్త్రపరిభాషనుండి బయలుదేరిన మాట ఇట్టి గతి పొందుట భాషాధ్యయనపరులు ఉపేక్షింపదగినది కాదని మా తలంపు.

‘సెమిటిక్’ అను పేరును 1781లో జర్మను పండితుడు ష్లోట్సర్ ప్రయోగించెను. ఆదికాండములో నోవహు కుమారుడగు షేము పేర హిబ్రూ, అరబ్బీ, అరమాయికు మున్నగు భాషలకు అది సంకేతమయ్యెను. రాజు అను అర్థమున హిబ్రూలో ‘మెలెఖ్’, అరబ్బీలో ‘మలిక్’ కలవు. రెంటను మూడు హల్లుల ధాతువొక్కటే. ఈ చుట్టరికము ధాతువులది. మాటలాడువారి నెత్తురుతో దీనికి పనిలేదు. అయినను ఫ్రెంచి పండితుడు ఎర్నెస్టు రెనా 1855 నాటి గ్రంథమున భాషాలక్షణములను జనులకు ఆరోపించి, సెమిటిక్ జాతి తక్కువదని వ్రాసెను. 1860లో యూదపండితుడు ష్టైన్‌ష్నైడర్ రెనా అభిప్రాయములను ఖండించుచు ‘సెమిటిక్ వ్యతిరేక’ దురభిప్రాయములని పేర్కొనెను. నిందగా పుట్టిన ఆ విశేషణమునే తరువాత కొందరు బిరుదుగా ధరించిరి! 1879లో విల్హెల్ము మార్ అను పత్రికారచయిత ఆ పేర సంఘమునే స్థాపించెను.

యూదద్వేషము అంతకు పూర్వమును కలదు. కాని అది ప్రధానముగా మతమును పురస్కరించుకొని సాగినది. మతము మార్చుకొనవచ్చును, జాతి మార్చుకొనరాదు. పైగా కొత్తపేరు శాస్త్రపదమువలె వినబడుటచే విద్యావంతులకు సంకోచము తీరినది.

వాస్తవమేమి? తూర్పు ఐరోపా యూదులు ఇండ్లలో మాటలాడిన యిడ్డిషు జర్మనిక్ శాఖలోనిది. 1492లో స్పెయిన్ వెడలగొట్టగా సలోనికా, ఇస్తాంబులు చేరినవారిది లదీనో. అది స్పానిషు సంతతి. కొచ్చి యూదులది మలయాళము. వారి స్త్రీలు ఆ భాషలో పాటలు పాడి ప్రతులలో వ్రాసికొనిరి. గుంటూరు మండలమున చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెములో యూదధర్మమును అవలంబించు బెనే ఎఫ్రయీమువారు మాటలాడునది తెలుగే. ఈ చెదరిన సమాజములకు ఉమ్మడిగా నిలిచినది ఇంటిభాష కాదు, ప్రార్థనలోని హిబ్రూ. భాషనుబట్టి చూచినచో జర్మను ద్వేషులు ద్వేషించినది తమ భాషకు మిక్కిలి దగ్గరి భాష మాటలాడువారినే.

1935 నాటి న్యూరెంబర్గు శాసనములు రక్తము పేర వెలువడినవి. అయితే ఒకడు యూదుడగునో కాదో నిర్ణయించుటకు వాడిన గుర్తు అతని తాతలు, అవ్వలు యూదమత సమాజమునకు చెందియుండిరా అనునదే. రక్తమును చూపలేక మతపట్టికలను తెరచిరన్నమాట. డ్రెస్డెన్‌లో రొమాన్సుభాషల ఆచార్యుడు విక్టర్ క్లెంపెరర్ ప్రొటెస్టంటు మతము పుచ్చుకొన్నవాడైనను ఆ ఏటనే ఉద్యోగము కోల్పోయెను. ఆయన నాజీల పదప్రయోగములను రహస్యముగా దినచర్యలో వ్రాసికొని 1947లో గ్రంథముగా ప్రకటించెను. అప్పటికి దాదాపు 60 లక్షల యూదులు హతులైరి.

మన విషయమున ‘ద్రావిడ’ పదము ఇట్టిదే. ఎల్లిసు 1816లో దక్షిణభాషల సజాతీయతను నిరూపించెను. కాల్డ్వెల్ 1856లో ఆ కుటుంబమునకు ఈ పేరు స్థిరపరచెను. ‘ఆర్య’ శబ్దము భాషకే చెల్లును, కపాలములకు కాదని మాక్సుముల్లరు 1888లోనే హెచ్చరించెను. అయినను ‘ఆర్యరక్తము’, ‘ద్రావిడజాతి’ అను ప్రయోగములు సిద్ధాంతవ్యాసములలో నేటికిని తగులుచున్నవి. అట్టి చోట్ల ‘ఆ భాషలు మాటలాడువారు’ అని మేము దిద్దుచున్నాము. ‘యాంటీసెమిటిజము’ను తెనిగించునపుడు ‘సెమిటిక్ వ్యతిరేకత’ అనుట కంటె ‘యూదద్వేషము’ అనుటయే మేలు; అరబ్బీ మాటలాడువారిపై ఉద్దేశించి మార్ ఆ సంఘమును పెట్టలేదు.