సేద్యపు చిన్న పెట్రోలు ఇంజన్లు: విరామ కాలమే అసలు పరీక్ష

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో చిన్న, సన్నకారు రైతుల సేద్యంలో పెట్రోలు ఇంజన్ల వాడకం పెరిగింది. టమాటాలో మందుల పిచికారీకి పవర్ స్ప్రేయర్లు, అంతరకృషికి పవర్ వీడర్లు, మల్బరీ కొమ్మలు, పశుగ్రాసం కోతకు బ్రష్ కట్టర్లు వినియోగంలో ఉన్నాయి. తేమతో కూడిన చల్లని వాతావరణంలో టమాటాను ఆశించే ఆకుమాడు తెగులు కొద్ది రోజుల్లోనే తోటంతా వ్యాపించగలదు. అటువంటి సమయంలో స్ప్రేయర్ మొరాయిస్తే జరిగే నష్టం మరమ్మతు ఖర్చుతో పోదు. అందువల్ల ఇంజన్ సంరక్షణను సస్యరక్షణలో భాగంగానే పరిగణించాలి.

విరామంలో జరిగే హాని

తయారీదారులు సంరక్షణను సాధారణంగా పనిగంటల లెక్కన సూచిస్తారు. ఈ ప్రాంతపు ఇంజన్లు మాత్రం కొద్ది రోజులు ఎడతెగకుండా పనిచేసి, ఆపై వారాల తరబడి ఖాళీగా ఉంటాయి. నీటి వసతి గల మల్బరీలో కొమ్మ కోతల మధ్య వ్యవధి దాదాపు రెండు నెలలు. ఆ వ్యవధిలో ట్యాంకులో మిగిలిన పెట్రోలులోని తేలిక భాగాలు ఆవిరై, జిగట పదార్థం కార్బురేటర్ జెట్లను మూసివేస్తుంది.

2023 నుంచి దశలవారీగా అమ్మకానికి వచ్చిన పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. ట్యాంకులోకి నీరు చేరి ఒక హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి అడుగుకు దిగుతాయి. టూ-స్ట్రోక్ ఇంజన్‌లో కందెన నూనె పైనున్న పెట్రోలులోనే ఉండిపోతుంది. ఇంజన్ అడుగు పొరను పీల్చుకుంటే కందెన అందక పిస్టన్ పట్టేసే ప్రమాదముంది.

పని రోజుల్లో పాటించవలసినవి

• టూ-స్ట్రోక్ ఇంజన్‌కు పెట్రోలు, ఆయిల్ నిష్పత్తి మాన్యువల్ ప్రకారమే ఉండాలి. లీటరు పెట్రోలుకు 25:1 అయితే 40 మి.లీ., 50:1 అయితే 20 మి.లీ. ఆయిల్ కలపాలి. వారం పనికి సరిపడేంత మాత్రమే కలుపుకోవడం మేలు.

• ఫోర్-స్ట్రోక్ ఇంజన్‌లో ప్రతి రోజూ పనికి ముందు ఆయిల్ మట్టం చూడాలి. కొత్త ఇంజన్‌కు తొలి 10–20 గంటల్లో, తర్వాత మోడల్‌ను బట్టి 50–100 గంటలకొకసారి ఆయిల్ మార్చాలి.

• ఎర్ర నేలల దుమ్ములో ఎయిర్ ఫిల్టర్‌ను రోజూ పరిశీలించాలి. స్పాంజి ఫిల్టర్‌ను సబ్బు నీటితో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, మాన్యువల్ సూచిస్తే కొద్దిగా ఆయిల్ పట్టించాలి. కాగితపు ఫిల్టర్‌ను కడగరాదు.

• స్పార్క్ ప్లగ్ కొన లేత గోధుమ రంగులో ఉంటే దహనం సక్రమంగా ఉన్నట్లు. నల్లని పొడి మసి ఇంధనం ఎక్కువైందనో, ఫిల్టర్ మూసుకుపోయిందనో తెలుపుతుంది. తెల్లబారితే ఇంజన్ అధికంగా వేడెక్కుతున్నట్లు. ప్లగ్ ఖాళీ అధిక మోడళ్లలో 0.6–0.7 మి.మీ. ఉండాలి.

• సిలిండర్ చుట్టూ ఉన్న రెక్కల మధ్య చేరిన ఆకు ముక్కలు, దుమ్మును ఇంజన్ చల్లారాక బ్రష్‌తో తొలగించాలి.

విరామానికి ముందు

నెల రోజులకు మించి వాడకం లేనప్పుడు ట్యాంకును ఖాళీ చేసి, ఇంజన్ తానంతట తానే ఆగేవరకు నడపాలి. చల్లారిన తర్వాత ప్లగ్ తీసి, ఆ రంధ్రంలో కొన్ని చుక్కల ఇంజన్ ఆయిల్ వేసి, స్టార్టర్ తాడును రెండు మూడు సార్లు మెల్లగా లాగి, ప్లగ్‌ను తిరిగి బిగించాలి. యంత్రాన్ని తేమ తగలని చోట ఉంచాలి. తిరిగి వాడేటప్పుడు తాజా పెట్రోలే పోయాలి. గట్టిపడిన లేదా పగిలిన ఇంధన గొట్టాలను మార్చాలి.

విస్తరణ సిబ్బందికి సూచన

పనిగంటలను లెక్కించే అలవాటు లేని చోట పంటల క్యాలెండరే అనువైన ఆధారం. మల్బరీ రైతుకు ప్రతి కోత ముగింపును, టమాటా రైతుకు చివరి పిచికారీని ట్యాంకు ఖాళీ చేసే రోజుగా చెప్పాలి. సస్యరక్షణ శిక్షణలో మందు మోతాదుతో పాటు ఈ పనిని కూడా చేసి చూపితే, తెగులు కనిపించిన రోజునే స్ప్రేయర్ పనికి సిద్ధంగా ఉంటుంది.