పాత ఆటకు మౌస్ ఎలా కుదురుతుంది?

1997లో నింటెండో 64 కన్సోల్‌కు 'గోల్డెన్‌ఐ 007' అనే జేమ్స్ బాండ్ ఆట వచ్చింది. తయారుచేసింది బ్రిటన్‌లోని రేర్ సంస్థ. కంట్రోలర్ మధ్యలో ఉండేది ఒకే ఒక్క స్టిక్. నడవడానికీ అదే, గురి చూడటానికీ అదే! ఇప్పుడు ఆ ఆటనే కొందరు కంప్యూటర్లో మౌస్, కీబోర్డుతో చకచకా ఆడేస్తున్నారు.

ముందుగా ఎమ్యులేటర్ కావాలి. పాత కన్సోల్ చిప్పులు చేసే పనిని కంప్యూటర్ చేత చేయించే ప్రోగ్రామ్ అది. కీబోర్డు సంగతి తేలికే, ఒక్కో బటన్‌కు ఒక్కో మీట కేటాయిస్తే సరి.

చిక్కంతా మౌస్‌తోనే. ఎందుకంటే స్టిక్ చెప్పేది వేగం. కుడికి వంచి పట్టుకుంటే, వదిలేదాకా చూపు కుడికి తిరుగుతూనే ఉంటుంది. మౌస్ చెప్పేది దూరం. చెయ్యి జరిగినంతే చూపు తిరగాలి, ఆగితే టక్కున ఆగాలి. మౌస్ కదలికను స్టిక్ వంపుగా మార్చి పంపితే? స్టిక్ వంపుకు ఓ హద్దుంది. మౌస్‌ను ఎంత విసురుగా లాగినా చూపు ఆ హద్దు దాటి వేగంగా తిరగదు. బురదలో నడిచినట్టుంటుంది.

అందుకే అభిమానులు 'మౌస్ ఇంజెక్టర్' అనే ప్రోగ్రామ్ రాశారు. పాత్ర ఎటు చూస్తోందన్న కోణం ఆట మెమరీలో ఒకచోట అంకెగా ఉంటుంది. మౌస్ కదిలినప్పుడల్లా ఈ ప్రోగ్రామ్ నేరుగా ఆ అంకెనే మార్చేస్తుంది. ఆ చోటు ఒక్కో ఆటలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి ప్రతి ఆటకూ వెతుకులాట మళ్లీ మొదలే. ఆ ఓపికను మెచ్చుకోవాల్సిందే!

అసలు కన్సోళ్లకు మౌసే లేదనుకోకండి. సూపర్ నింటెండోకు 1992లోనే 'మారియో పెయింట్'తో పాటు మౌస్ వచ్చింది. 2000లో డ్రీమ్‌కాస్ట్ అనే కన్సోల్‌కు వచ్చిన 'క్వేక్ 3 అరీనా'ను మౌస్, కీబోర్డు తగిలించుకుని ఆడే వీలుండేది.